స్లాబు పడ్డదని రాసిన, పడలే

(పేదల ఇండ్ల పథకాలల్ల ముప్పై ఎనిమిదేండ్లు పనిచేసి 2025 మార్చి 31న ఉద్యోగ విరమణ చేసిన ఒక ఇంజనీరు హన్మకొండలో ఉద్యోగులు, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందుగాల తెలంగాణ అమరులకు జోహార్లు.

మా ఆఫీసుల నన్ను సాగనంపిన నాడు శాలువ కప్పిండ్రు, దండ ఏసిండ్రు, ఒక గోడ గడియారం ఇచ్చిండ్రు. ఇన్నేండ్లు టైముకు రాలేదని చెప్పనీకే ఇచ్చిండ్రో ఏమో. ఒకాయన మైకు పట్టుకొని ‘సారు వేల ఇండ్లు కట్టిండు’ అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు, నేను గూడ కొట్టిన. ఇంటికి వచ్చినంక రాత్రి నిద్ర పట్టలే. నేను ఒక్క ఇల్లు గూడ కట్టలే. సుతారి కట్టిండు. ఉసికె మోసిన ఆడోళ్లు కట్టిండ్రు. మిత్తికి పైసలు తెచ్చి పునాది తవ్వుకున్న ఇంటాయన కట్టుకున్నడు. నేను కొలిచిన, రాసిన, సంతకం పెట్టిన. నా ఉద్యోగమంత రాతనే. ఆ రాతల గురించి నాలుగు మాటలు చెప్పుదామనే ఇయ్యాల మీరు పిలువంగనే వచ్చిన.

మాది జనగామ దిక్కు. వరంగల్ పాలిటెక్నిక్‌ల సివిల్ డిప్లొమా చేసి 1987 జూన్‌ల నౌకరిల చేరిన. 610 జీవో 1985 డిసెంబర్ 30 నాడు వచ్చింది, అంటే నేను చేరేటప్పటికి ఏడాదిన్నర. ఆ జీవో జిరాక్సు కాపీ మా చాయ్ హోటల్ల చేతులు మారి చేతులు మారి అక్షరాలు మాసిపోయి ఉండె. దాన్ని జేబుల పెట్టుకొని తిరిగెటోళ్లు ఉండిరి, అమలు చేసెటోడు మాత్రం కనవడలే.

చేరిన మొదటి నెలల ఒక రిపోర్టు రాసిన. ‘ఈ ఊరిలో నలభై ఇండ్లు పునాది స్థాయిలో ఉన్నవి’ అని. మా పై అధికారి ఎర్ర సిరా పెన్నుతోని ‘ఇండ్లు’ అన్నకాడల్ల కొట్టేసి ‘ఇళ్లు’ అని దిద్దిండు. పేజీకి ఆరేడు చోట్ల. ‘తెలుగు నేర్చుకో నాయనా’ అని నవ్వుకుంట ఇచ్చిండు. ఆయన చెడ్డ మనిషి కాదు, నాకు ఎస్టిమేటు వేసుడు నేర్పింది ఆయననే. కానీ మా అవ్వ అన్న మాట, మా ఊరు అన్న మాట తప్పు అని ఎర్ర సిరాతోని చెప్పించుకున్న నాడు కడుపుల ఏదో కలికింది. అటెన్క ఇరవై ఏండ్లు నేను ‘ఇళ్లు’ అనే రాసిన. ఇంట్ల ‘ఇండ్లు’, ఫైల్ల ‘ఇళ్లు’. ఇప్పుడు సర్కారు కాగితాల మీదనే ‘ఇందిరమ్మ ఇండ్లు’ అని అచ్చయితాంది. అది చూసినప్పుడల్ల ఆ ఎర్ర సిరా యాదికొస్తది. అదొక సంతోషం. చిన్నదే, కాదనను.

మాట ఒక్కటే అయితే దిద్దుకుంటిమి. ఇంటి నక్ష గూడ అట్లనే వచ్చేది. టైప్ డిజైన్ అంటరు. హైదరాబాదుల గీస్తరు, ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాదు దాక అదే. ఒక అర్ర, ఒక వంటకోణం, ముందట ఇంత వరండ. మా దిక్కు ఇల్లు అట్లుంటదా? రాయి పునాది మీద జానెడున్నర మందం మట్టిగోడ, తాటి దూలాలు, వాసాలు, పైన గూన పెంక. ఎండకాలం నలభై నాలుగు డిగ్రీలు కొట్టినా ఆ అర్రల చల్లగుంటది. ముందట అరుగు, పక్కకు కొట్టం, వాకిట్ల అలుకు. మేము ఇచ్చింది సన్న గోడ, పైన స్లాబో రేకో. ఏప్రిల్ నెలల ఆ రేకు కింద పగటిపూట ఒక్క గంట కూసుంటే తెలుస్తది. ఎన్ని ఊర్లల్ల చూసిననో, కొత్తింట్ల వడ్ల బస్తాలు, పిడకలు, కోళ్ల గంప పెట్టిండ్రు, వాళ్లు పోయి పాత పెంకుటింట్ల పండుకున్నరు. మా రివ్యూ మీటింగుల దీన్ని ‘లబ్ధిదారులకు అవగాహన లేదు’ అని రాసుకున్నం. అవగాహన లేంది ఎవలకు?

సాలె వాడకు పోయిన ఒకసారి. గుంట మగ్గం మీద నేసెటోళ్లు. గుంట మగ్గం అంటే తెల్వని పిల్లలుంటరు గనుక చెప్త. నేల మీద గుంత తవ్వి అండ్ల కాళ్లు పెట్టి కూసొని నేస్తరు, పడుగు పొడుగు సాగనీకె ఇంటి నిడివి కావాలె. మా డిజైన్ల ఆ నిడివి లేదు, గచ్చు వేయాల్నని రూలు. ఒక పెద్దమనిషి నన్ను అడిగిండు, ‘సారూ, మగ్గం బయట పెట్టి మేం లోపట పండుకోవాల్నా, మగ్గం లోపట పెట్టి మేం బయట పండుకోవాల్నా?’ అని. నేనేం చెప్పలే. పైకి రాస్తే ‘డీవియేషన్ అనుమతించబడదు’ అని జవాబు వచ్చింది. ఆ వాడల సగం మంది ఆ ఇండ్లు తీసుకోలే. తీసుకున్నోళ్లల్ల కొందరు గచ్చు పగులగొట్టి గుంత తవ్వుకున్నరు. వాళ్లకు చివరి బిల్లు ఆపాల్నని ఆర్డరు. నేను ఆపలే, చూడనట్టే రాసిన. ఆ ఒక్క రాతకు నాకు సిగ్గు లేదు.

1956 కంటె ముందు మీకు ఇండ్లు కట్టుడు తెలుసునా అని ఎకసెక్కాలాడినోళ్లను గూడ చూసిన. 1908 సెప్టెంబర్‌ల మూసీ వరద వచ్చి హైదరాబాదును తుడిచి పెట్టింది. అటెన్క 1912ల సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిండ్రు. ఇరుకు బస్తీలు తీసి రోడ్లు వెడల్పు చేసుడు, కిరాయికి ఇండ్లు కట్టుడు దాని పని. పత్తర్‌గట్టి దుకాణాలు, మొజంజాహి మార్కెట్ ఆ బోర్డు కట్టినయే. ఖైరతాబాదుల ఇయ్యాల్టికి సీఐబీ క్వార్టర్స్ అంటరు, ఆ పేరు దానిదే. 1960ల హౌసింగ్ బోర్డు వచ్చి దాన్ని కలుపుకున్నది. పేదోళ్ల ఇండ్ల కొరకు వేరే కార్పొరేషన్ 1979ల వచ్చింది. ఇది నేను గొప్పకు చెప్తలేను. రాజ్యంల బోర్డు గూడ బస్తీలు తీసినప్పుడు లేచిపోయినోళ్లందరికి ఇల్లు ఇచ్చిందా అంటే నేను అవునని చెప్పలేను. కానీ ఇండ్లు కట్టుడు మాకు ఎవలో వచ్చి నేర్పిన విద్య కాదు. దేశంల ఏ డ్యాం చూడుండ్రి, ఏ బ్రిడ్జి చూడుండ్రి, పాలమూరు లేబర్ చెయ్యి పడని కట్టడం తక్కువ. ఆ పాలమూరోళ్ల సొంత ఊర్లకు నేను డెప్యుటేషన్ మీద పోయి చూసిన. తాళాలేసిన ఇండ్లు, పునాదుల మీద మొలిచిన తుమ్మలు. కట్టెటోడు బొంబాయిల ఉన్నడు, వాని ఇంటికి సుతారి దొరకలే.

ఇగ అసలు సంగతికి వస్త.

మా పనిల ఇంటికి స్టేజీలుంటయి. బీబీఎల్ అంటే పునాది గుంత, బీఎల్ అంటే బేస్‌మెంట్, ఎల్ఎల్ అంటే లింటెల్, ఆర్ఎల్ అంటే గోడ నెత్తి దాక, ఆర్‌సీ అంటే స్లాబు పడ్డట్టు. ఏ స్టేజీకి ఆ బిల్లు, ఆ స్టేజీకింత సిమెంటు, ఇంత సలాక. నేను పోయి కొలిచి ఎం.బుక్‌ల రాస్తెనే పైస కదులుతది. ఎం.బుక్ మాకు రామాయణం లెక్క. దాంట్ల కొట్టివేత ఉండొద్దు, ఉంటే పక్కకు సంతకం ఉండాలె. పేదోని ఇల్లు మొత్తం ఆ నాలుగు అక్షరాల మీద నిలవడ్డది.

2006ల ఇందిరమ్మ పథకం వచ్చింది. మూడు విడతలల్ల ప్రతి ఊరికి, అర్హత ఉన్న ప్రతి ఇంటికి అన్నరు. మండలానికి ఒక ఇంజనీరు, కొందరు వర్క్ ఇన్‌స్పెక్టర్లు. ఒక్కొక్కనికి వేల ఇండ్లు. పొద్దున లేస్తె టార్గెట్, పండుకునేటప్పుడు టార్గెట్. జిల్లా రివ్యూల పెద్ద తెర మీద మండలాల పేర్లు వస్తయి, వెనుకబడ్డ మండలం ఎర్ర రంగుల. ఆ ఎర్ర రంగు ఎదురుంగ నిలవడి మాటలు పడుడు ఎంత కష్టమో ఇక్కడున్న ఉద్యోగులకు తెలుసు.

2008 మార్చి నెలాఖరు. ఇంక రెండు రోజులైతె ఆర్థిక సంవత్సరం దాటుతది. నా మండలం ఎర్రగ ఉన్నది. ఆ రాత్రి ఆఫీసుల కూసొని పదిహేడు ఇండ్లు నేను ‘ఎక్కించిన’. బేస్‌మెంట్ మీద ఉన్నదాన్ని ఆర్ఎల్ అని, ఆర్ఎల్ ఉన్నదాన్ని ఆర్‌సీ అని రాసిన. ఎట్లన్న కట్టుకుంటరు గదా, రెండు నెలలు ముందుగాల రాసినం అంతే గదా అనుకున్న. పైసలు తిన్నవా అని మీరు మనసుల అడుగుతాండ్రు. ఆ పదిహేడుల నేను తినలే. కానీ పైరవీకారు జీపుల తిరిగిన, వాని చాయ్ తాగిన, వాడు చెప్పిన ఊరికే ముందు పోయిన. దాన్ని ఏమంటరో మీరే అనుండ్రి.

పదిహేడుల పదమూడు తర్వాత నిజంగనే లేచినయి. నాలుగు లేవలే. ఒక కుటుంబం భివండికి పోయింది, మరమగ్గాల మీద. ఒకాయన దుబాయి పోయి వచ్చి కరీంనగర్ల ఉంటున్నడు, ఆయన సంగతి ఫరవాలేదు. ఒకాయన సచ్చిపోయిండు. నాలుగోది ఒక అవ్వది. పేరు చెప్ప. మొగడు లేడు, కొడుకు లేడు, బిడ్డ అత్తగారింట్ల. బీడీలు చేసేది. బేస్‌మెంట్ దాక చుట్టాల దగ్గర బదులు తెచ్చి కట్టుకున్నది. బ్యాంకు పాసుబుక్కు ఆమె దగ్గర లేదు, పైరవీకారు దగ్గర ఉన్నది. నా రాత పట్టుకొని స్లాబు దాక బిల్లు వచ్చింది, వేలిముద్ర ఆమెది, పైసలు ఎవల సంచిల పడ్డయో ఊరందరికి తెలుసు. అవ్వకు తెలిసేటప్పటికి మండలం మారిన.

2011ల సకల జనుల సమ్మె. సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాక, నలభై రెండు రోజులు. జీతం లేదు. దసరా, బతుకమ్మ సమ్మెలనే గడిచినయి. నా పెండ్లాం పుస్తెలతాడు కుదువ పెట్టింది, నేను రోడ్డు మీద కూసున్న. ఇయ్యాల్టికి నా నౌకరిల నేను గట్టిగ చెప్పుకునేది ఆ నలభై రెండు రోజులే. ఒకనాడు హైవే మీద వంటావార్పు. ఊర్ల నుంచి ఆడోళ్లు కట్టెలు, బియ్యం పట్టుకొని వచ్చిండ్రు. అండ్ల ఆ అవ్వ ఉన్నది. కొంగుల సోలెడు బియ్యం కట్టుకొచ్చింది. నన్ను గుర్తు పట్టింది. తిడ్తదనుకున్న. తిట్టలే. ‘సారూ, తెలంగాణ వస్తె నా ఇంటికి స్లాబు పడ్తదా?’ అని అడిగింది. అప్పటిదాక మైకుల నినాదాలిచ్చి నా గొంతు బొంగురు పోయి ఉన్నది. ‘పడ్తదవ్వా’ అన్న.

ఏ నోటితోని అన్ననో. ఆమె ఇంటికి నా ఎం.బుక్‌ల స్లాబు మూడేండ్ల కిందనే పడ్డది.

2014 జూన్ 2 నాడు రాష్ట్రం వచ్చింది. అదే యేడు పాత ఇండ్ల అక్రమాల మీద సీఐడీ విచారణ పెట్టిండ్రు. పెట్టాల్సిందే. కానీ విచారణ పేరు మీద సగంల ఉన్న ఇండ్ల బిల్లులన్ని ఆగినయి. తిన్నోడు భయపడి ఇంటికాడ పండుకోలే, కట్టుకుంటున్నోడు వానల తడిసిండు. మాకు పని లేక ఒక్కొక్కరిని ఒక్కొక్క శాఖకు పంపిండ్రు. నేను ఒకచోట మరుగుదొడ్లు లెక్కవెట్టిన, ఇంకోచోట హరితహారం మొక్కలు లెక్కవెట్టిన.

డబుల్ బెడ్‌రూం ఇండ్లు 2015ల మొదలైనయి. ఐదు వందల అరవై చదరపు అడుగులు, రెండు పడకర్రలు, పేదోడు పైస పెట్టే పని లేదు. ఆలోచన మంచిది. ఇరుకు అర్రల ఆడపిల్ల బట్టలు మార్చుకునే చోటు లేదన్న ముచ్చట అంతకుముందు ఏ టైప్ డిజైన్ పట్టించుకోలే. సికింద్రాబాద్ బోయిగూడ ఐడీహెచ్ కాలనీల 396 ఇండ్లు అదే యేడు నవంబర్‌ల ఇచ్చిండ్రు. పాత జాగల్నే కట్టిండ్రు గనుక మనుషులు, పని, బడి అన్ని అక్కడనే ఉన్నయి. కొల్లూరుల 15,660 ఇండ్లు ఒక్కచోట కట్టిండ్రు, 2023 జూన్‌ల మొదలుపెట్టిండ్రు. కట్టడం చూస్తె ఇంజనీరుగ నాకు ముచ్చటేసింది. కానీ నగరం నడుమ నాలుగిండ్లల్ల పాచిపని చేసే మనిషి కొల్లూరు నుంచి పొద్దున ఆరింటికి ఎట్ల చేరాలె? ఈ లెక్క ఏ ఎస్టిమేటుల రాయరు. ఇంక ఊర్లల్ల సంగతి మీకు తెలుసు. టెండర్లకు కాంట్రాక్టరు రాని ఊరు, కట్టి తాళమేసిన ఊరు, రెండూ చూసిన.

అవ్వ డబుల్ బెడ్‌రూంకు దరఖాస్తు పెట్టుకున్నది. రాలే. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాక ప్రజాపాలన సభలల్ల మళ్ల పెట్టుకున్నది. 2024 మార్చి 11 నాడు భద్రాచలంల కొత్త ఇందిరమ్మ ఇండ్లు మొదలైనయి, ఇంటికి ఐదు లక్షలు, నియోజకవర్గానికి 3,500 ఇండ్లు అన్నరు. అటెన్క ఇంటింటికి తిరిగి ఫోన్ల ఫోటో తీసి సర్వే చేసిండ్రు. అవ్వ తన బేస్‌మెంట్ మీద తాటికమ్మలు కప్పుకొని ఉంటాంది. ఆ ఫోటో గూడ తీసిండ్రట. అయినా పేరు రాలే. ఎందుకంటె కంప్యూటర్ల ఆమె పేరు కాడ ‘గతంలో ఇల్లు పొందినారు’ అని ఉన్నది.

ఈ ముచ్చట నాకు చెప్పింది ఆ సర్వేకు పోయిన అవుట్‌సోర్సింగ్ పిలగాడు. ‘సార్, ఆ ఎంట్రీ మీ పేరు మీద ఉన్నది’ అన్నడు. మెల్లగ అన్నడు, నన్ను అవమానం చెయ్యాల్నని కాదు. అప్పటికి నేను దిగిపోనీకె రెండు నెలలున్నది.

నా దోస్తులు ఒకటే మాట చెప్పిండ్రు. ‘గమ్మున ఉండు, నో డ్యూ సర్టిఫికెట్ వచ్చేదాక నోరు తెరువకు.’ వాళ్లు చెప్పింది తప్పు కాదు. మా అసుంటి సంస్థలోళ్లకు సర్కారు పింఛను ఉండదు. పీఎఫ్ పింఛనే. దానికి జీతం పరిమితి 15,000, ముప్పై ఐదేండ్ల సర్వీసు లెక్కవెట్టినా నెలకు 7,500. దిగిపోయేనాడు చేతికొచ్చే గ్రాట్యుటీ, లీవు పైసలే మాకు పింఛను. అవి ఆగితే ఇంటి కిస్తు ఆగుతది. ఔ, నాకూ ఇల్లున్నది, లోన్ మీద, హన్మకొండల్నే, స్లాబు మంచిగ పడ్డది.

మార్చి మొదటి వారంల కాగితం రాసిన. ‘ఈ క్రింది నాలుగు ఇండ్లు నేను నమోదు చేసిన స్థాయిలో లేవు, బేస్‌మెంట్ స్థాయిలోనే ఉన్నవి, తప్పు నాది, వీరిని లబ్ధి పొందినవారిగా చూపరాదు’ అని. ‘ఇండ్లు’ అనే రాసిన. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్న. నా గ్రాట్యుటీ ఫైలు అక్కడనే ఆగింది, ఈ కాగితం గూడ అక్కడనే ఆగింది. నా పైసలు ఆపుడు నాకు అర్థమైతది. రికవరీ పెట్టినా కడ్త. ఆమె పేరు కాడ ఆ ఒక్క మాట తీసేయనీకె ఏం అడ్డమున్నదో అర్థమైతలేదు. అడిగితే ‘అట్ల ఒకటి తీస్తె వేలల్ల తీయాల్సి వస్తది’ అంటున్నరు. నేను చెప్పేది గూడ అదే గదా.

ఇది నా ఒక్కని మండలం సంగతి కాదు. ఆ మార్చి రాత్రి ఎన్ని ఆఫీసులల్ల ఎన్ని లైట్లు వెలిగినయో నాకు తెలుసు. ఈ సభల గూడ కొందరు నా దిక్కు చూస్తలేరు. నేను ఎవల పేరు తియ్య. దిగిపోయినోళ్లు ముందుగాల రాయుండ్రి, మనకు పోయేది తక్కువ. నౌకరిల ఉన్నోళ్లను రాయమని నేను అనలేను, వాళ్ల పిల్లల ఫీజులు నేను కట్ట. కానీ యూనియన్ మొత్తంగ ‘పాత స్టేజీలు మళ్ల కొలువాలె, కొలిచి రాసినోని మీద కక్ష కట్టొద్దు’ అని అడగొచ్చు. 610 జీవో కొరకు అడిగినోళ్లం, నలభై రెండు రోజులు జీతం లేకుంట కూసున్నోళ్లం, ఇది అడగలేమా?

విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీతోని ఒక్క పని. సెలవులకు ఊరికి పోయినప్పుడు పంచాయతీల పాత లబ్ధిదారుల లిస్టు అడుగుండ్రి. ఇయ్యకుంటే సమాచార హక్కు కింద అడుగుండ్రి. లిస్టు పట్టుకొని వాడ తిరుగుండ్రి. స్లాబు పడ్డదని రాసి ఉన్నకాడ నెత్తెత్తి చూడుండ్రి, ఆకాశం కనవడితె ఫోటో తీయుండ్రి. ఎట్ల రాయాల్నో, ఏ ఆఫీసుల ఇయ్యాల్నో నేను చెప్త. ఎం.బుక్ చదువుడు ఒక్క పూటల నేర్పుత. నాకిప్పుడు టైమే టైము, గడియారం గూడ ఇచ్చిండ్రు.

అవ్వ దగ్గరికి పోయిన నెల పోయిన. కాగితం పెట్టిన సంగతి చెప్పిన. తప్పు నాదేనని చెప్పిన. ఆమె బీడీ ఆకు కత్తిరించుకుంటనే విన్నది. ‘గప్పుడు తెల్వదా సారు నీకు?’ అన్నది. తెలుసు అవ్వా అన్న. ఇంకేం అనలే. చాయ్ గూడ పొయ్యలే. వానకాలంల తాటికమ్మలు ఆగవు, కవరు కప్పాలె, దానికి మనిషిని చూడమన్నది. వచ్చే ఐతారం పోతున్న. ఇద్దరు ముగ్గురు పిల్లలు వెంబడి వస్తమంటే రండ్రి, నిచ్చెన నేను తెస్త.

జై తెలంగాణ.